కోర్సు కన్నా ముందు కేసు షీటు

డాక్టరు, నర్సు కాకుండా వైద్యరంగంలో ఆడపిల్లలకు ఇంకేం కొలువులున్నాయని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడుగుతున్నారు. ఈసారి శీర్షిక పూర్తిగా వాళ్ల ఉత్తరాలకే. జవాబులు రాసినవారు ఒక మెడికల్ కోడింగ్ ఆడిటర్, ఒక బయోమెడికల్ ఇంజినీర్, ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ నిపుణురాలు.

బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. మూడు నెలల మెడికల్ కోడింగ్ కోర్సు చేస్తే చెన్నైలో ఉద్యోగం ఖాయమని ఒక సంస్థ వాళ్లు అంటున్నారు. చేరమంటారా? ఇక కోడింగ్ అంతా కంప్యూటరే చేసేస్తుందని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కావలి

ఫీజు కట్టే ముందు ఒక నెల సొంతంగా చదివి చూడండి. ఆ నెలకు పైసా ఖర్చు లేదు.

అమెరికాలో రోగిని చూసిన డాక్టరు రాసిన చార్టు చదివి, జబ్బుకు ఒక కోడు, చేసిన చికిత్సకు ఒక కోడు వేస్తే, ఆ కోడ్లను బట్టి బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. చెన్నైలో కూర్చుని కోడర్ చేసే పని ఇదే. జబ్బుల కోడ్లు ఐసీడీ-10-సీఎంలో, చికిత్సల కోడ్లు సీపీటీలో ఉంటాయి. సీపీటీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు, కొనుక్కోవాల్సిందే. ఐసీడీ కోడ్లు, వాటి నియమావళి మాత్రం అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ముందు ఆ నియమావళి దించుకుని చదవండి. ఐసీడీ ఏటా అక్టోబరు 1న, సీపీటీ జనవరి 1న మారతాయి. శిక్షణ సంస్థకు వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఏ సంవత్సరం పుస్తకంతో చెబుతారు?' అనేదే. నాలుగేళ్ల నాటి జిరాక్సు కాయితాలు చేతిలో పెడితే మరో మాట లేకుండా వచ్చేయండి.

కొత్తవాళ్లు ఎక్కడ తప్పుతారో ఒక ఉదాహరణతో చూడండి. చార్టులో 62 ఏళ్ల మనిషికి టైప్-2 షుగరు, బీపీ, మూడో దశ కిడ్నీ జబ్బు ఉన్నాయని రాసి ఉంది. కొత్త కోడర్ మూడు జబ్బులకు మూడు కోడ్లు వేసేస్తుంది: ఇ11.9, ఐ10, ఎన్18.30. మూడూ పుస్తకంలో ఉన్న కోడ్లే, అయినా ఆడిట్‌లో ఇది తప్పు. షుగరు, కిడ్నీ జబ్బు ఒకే మనిషికి ఉంటే, వాటికి సంబంధం లేదని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప సంబంధం ఉన్నట్టే లెక్క. బీపీకీ, కిడ్నీ జబ్బుకీ కూడా అంతే. కాబట్టి సరైనవి ఇ11.22, ఐ12.9, ఎన్18.30. ఇన్సులిన్ మీద ఉంటే జెడ్79.4 కూడా చేర్చాలి.

ఇంకో రెండు తప్పులు తరచూ కనబడతాయి. ఓపీ చార్టులో డాక్టరు 'న్యుమోనియా అయి ఉండొచ్చు' అని రాస్తే న్యుమోనియా కోడు వేయకూడదు, దగ్గు, జ్వరం లాంటి లక్షణాలకే వేయాలి. ఆసుపత్రిలో చేరిన రోగికి డిశ్చార్జి నాటికి అదే మాట రాసి ఉంటే వేయొచ్చు. రెండోది ఎముక విరిగిన కేసుల్లో కోడు చివర వచ్చే ఏడో అక్షరం. 'ఎ' అంటే మొదటిసారి వచ్చినప్పుడు అని చాలామంది బట్టీ పడతారు. కాదు, చురుగ్గా చికిత్స సాగుతున్నంత కాలం 'ఎ'నే. మానే దశలో మామూలు పరీక్షకు వచ్చినప్పుడు 'డి'.

దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది, ఇది టైపింగ్ పని కాదు, చదివే పని. మైక్రోబయాలజీ వల్ల క్రిములు, కల్చర్లు మీకు తెలుసు. లోటు శరీర నిర్మాణంలో ఉంటుంది. ఇంట్లో ఎవరివైనా పాత డిశ్చార్జి సమ్మరీలు ఉంటే రోజుకొకటి తీసుకుని జబ్బేది, చేసిందేది, ఇచ్చిన మందేది అని మూడు వరుసల్లో రాసుకోండి. ఆ మందు ఏ జబ్బుకో వెతకండి. నెల తిరిగేసరికి ఈ పని విసుగు పుట్టిస్తే కోర్సు మీకు కాదు. ఆసక్తి పెరిగితే చేరండి.

కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటల సమయం, పాసవ్వడానికి 70 శాతం రావాలి. ఒక్కో ప్రశ్నకు 2 నిమిషాల 24 సెకన్లు. పుస్తకాలు పక్కన పెట్టుకునే రాస్తారు కాబట్టి కోడ్లు బట్టీ పట్టక్కర్లేదు. వెతకడంలో వేగం లేకే ఎక్కువమంది పోతారు. పాసైనా అనుభవం లేకపోతే పేరు పక్కన 'అప్రెంటిస్' అని సూచించే 'ఎ' తగిలిస్తారు. రెండేళ్ల అనుభవం చూపితే అది పోతుంది. పరీక్ష లేకుండానే ఫ్రెషర్లను సొంత టెస్టు పెట్టి తీసుకునే కంపెనీలు చెన్నైలో ఉన్నాయి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే, ముందు అక్కడ నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చి, పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చని మా సలహా.

మీ అన్నయ్య మాట సగం నిజం. ఛాతీ ఎక్స్‌రే రిపోర్టుల్లాంటి ఒకే మూసలో ఉండే చార్టులకు సాఫ్ట్‌వేర్ కోడ్లు వేస్తోంది. అది వేసినవాటిని సరిచూసేవాళ్లు, సర్జరీ చార్టులు చదవగలిగేవాళ్లు, బీమా కంపెనీ తిప్పికొట్టిన క్లెయిము ఎందుకు తిరిగొచ్చిందో చెప్పగలిగేవాళ్లు మాత్రం కావాలి. చేరిన మొదటి ఏడాదిలోనే ఆ తిరిగొచ్చిన క్లెయిములు అడిగి మరీ చూడండి.

ఈసీఈలో బీటెక్ చేశాను. ఆసుపత్రి పరికరాల పని ఇష్టం. అది మగపిల్లల పని, స్క్రూడ్రైవర్లు పట్టుకుని తిరగాలి అంటున్నారు ఇంట్లో. ఏం నేర్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సిందే, అందులో దాపరికం లేదు. కానీ వార్డు నుంచి వచ్చే ఫిర్యాదుల్లో మూత విప్పాల్సినవి తక్కువ. వైరు, బ్యాటరీ, ఎర్తింగ్, వాడే తీరు, ఈ నాలుగింటి దగ్గరే చాలావాటికి జవాబు దొరుకుతుంది.

ఈసీజీ మిషన్నే తీసుకోండి. గీత నిండా సన్నటి రంపపు పళ్లలా వస్తున్నాయని ఫోన్ వస్తుంది. అది 50 హెర్ట్జ్ కరెంటు చొరబాటు. ఈసీఈ చదివినవాళ్లు వెంటనే ఫిల్టరు ఆన్ చేస్తారు. అది చివరి పని. ముందు ఎలక్ట్రోడ్ కింద జెల్లు ఆరిందేమో, చర్మం మీద చెమటో నూనో ఉందేమో చూడాలి. తర్వాత లీడ్ వైరు ఒక్కొక్కటే వంచి చూడాలి, లోపల తెగి పైకి బాగున్నట్టు కనబడే వైర్లే ఎక్కువ. ఆ తర్వాత ప్లగ్గు ఎర్త్ పిన్ను. మంచం పక్కన ఫోన్ ఛార్జరుంటే అదీ తీసేయాలి. ఇవన్నీ అయ్యాక కాలిబ్రేషన్ బటన్ నొక్కి 1 మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల ఎత్తు వస్తోందా, కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తోందా చూస్తారు. ఒకటో లీడు తలకిందులై, ఏవీఆర్ నిటారుగా వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ రెండు చేతుల వైర్లు మారిపోయి ఉంటాయి. మిషన్ను వర్క్‌షాపుకు మోయక్కర్లేదు.

బీపీ మానిటర్ ఎక్కువ చూపిస్తోందంటే కఫ్ సైజు చూడండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే రీడింగ్ పెరుగుతుంది. వేలికి పెట్టే ఆక్సిజన్ ప్రోబ్ తక్కువ చూపిస్తే వేలు చల్లబడిందేమో, నెయిల్ పాలిష్ ఉందేమో చూసి వేరే వేలికి మార్చాలి. ఆషాఢంలో నల్లగా పండిన గోరింటాకు వేళ్లు కూడా ఈ జాబితాలో చేర్చుకోండి. వెంటిలేటర్‌లోని ఆక్సిజన్ సెన్సర్ గాల్వానిక్ రకమైతే వాడినా వాడకపోయినా అరిగిపోతుంది. మామూలు గాలికి పెడితే 21 శాతం దగ్గర చూపాలి. కాలిబ్రేట్ చేసినా నిలవకపోతే మార్చేయడమే.

మీ చదువు నిజంగా అక్కరకొచ్చేది విద్యుత్ భద్రత దగ్గర. ఐఈసీ 60601 ప్రమాణం ప్రకారం గుండెకు నేరుగా తగిలే భాగాలున్న పరికరంలో రోగి వైపు లీకయ్యే కరెంటు మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లు, ఒక లోపం ఉన్న స్థితిలో 50 మైక్రోఆంపియర్లు మించకూడదు. చర్మం మీద పెద్దగా తెలియని కరెంటు గుండెకు నేరుగా తగిలితే లయ తప్పిస్తుంది, అందుకే అంత కట్టుదిట్టం. తీసి పెట్టుకునే పవర్ కార్డుతో కలిపి ఎర్త్ నిరోధం 0.2 ఓము లోపు ఉండాలి. మన జిల్లాల్లో రెండు చిక్కులు అదనం. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. మార్చి దాటకుండా ఎర్త్ గుంత కొలిపించి నీళ్లు పోయించడం, కనెక్టర్లు తుడిపించడం అక్కడి ఇంజినీరు పనిలో భాగమే.

ఏం నేర్చుకోవాలంటారా? మల్టీమీటర్ చేతిలో ఆడాలి, అది మీకు వచ్చే ఉంటుంది. శరీర ధర్మశాస్త్రం రాదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఎలా పనిచేస్తాయో నర్సింగ్ మొదటి ఏడాది పుస్తకంలో చదువుకుంటే చాలు. తర్వాత నెల్లూరులోనో ఒంగోలులోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రి బయోమెడికల్ విభాగంలో ఒక నెల చూసి నేర్చుకోవడానికి అనుమతి అడగండి. పని మొదలెట్టాక ఒక అలవాటు తప్పనిసరి: వార్డు నుంచి వచ్చిన ఏ పరికరాన్నైనా క్రిమిసంహారకంతో తుడిచాకే తాకడం, తెరవడం.

సర్వీసు కంపెనీలో చేరితే ఊళ్లు తిరగాలి. రాత్రి కాల్ వస్తే బండి ఎవరిది, తోడు ఎవరు, బస ఎక్కడ అన్నవి చేరేముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. తిరగడం కుదరదంటే తయారీ కంపెనీల్లో నాణ్యత, అనుమతుల విభాగాలున్నాయి. మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విడదీశాయి. వాటికి కావాల్సిన ఫైళ్లు తయారుచేసేవాళ్లకు ఐఎస్‌ఓ 13485 (నాణ్యత నిర్వహణ), ఐఎస్‌ఓ 14971 (ప్రమాద నిర్వహణ) ప్రమాణాలు తెలిసి ఉండాలి. విశాఖలోని మెడ్‌టెక్ జోన్ ఇలాంటి కంపెనీలున్న చోటు.

మా అమ్మాయి రేడియోగ్రఫీ డిప్లొమా చేసి ఎక్స్‌రే, సీటీ చూస్తోంది. ఆ కిరణాల వల్ల పిల్లలు పుట్టరని సంబంధాలవాళ్లు వెనక్కి పోతున్నారు. ఉద్యోగం మాన్పించమంటారా?
— ఒక తల్లి, ఆత్మకూరు

వద్దమ్మా. ఆ మాట అన్నవాళ్లకు మీ అమ్మాయి టీఎల్‌డీ బ్యాడ్జి రిపోర్టు చూపించండి.

రేడియేషన్ దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆ బ్యాడ్జి ఉండాలి. దాన్ని మూడు నెలలకోసారి పంపిస్తే ఎంత కిరణాలు సోకాయో లెక్క వస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మట్టి, ఆకాశం, తిండి నుంచి ఎవరికైనా ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ సోకుతాయి. అడ్డుగోడ వెనక నిలబడి బటన్ నొక్కే టెక్నీషియన్ రిపోర్టు మామూలుగా ఆ 20 దరిదాపులకు కూడా రాదు, కాబట్టి పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు. ఎక్కువ వచ్చిందంటే పద్ధతిలో ఎక్కడో తప్పుంది.

ఆ తప్పులు ఇలా ఉంటాయి. బ్యాడ్జిని ఆప్రాన్‌కే వదిలేసి ఎక్స్‌రే గదిలో తగిలించి ఇంటికి పోవడం. బ్యాడ్జి అక్కడే ఉండి కిరణాలు తింటుంది, లెక్క అమ్మాయి పేరున పడుతుంది. బ్యాడ్జి ఛాతీ దగ్గర, ఆప్రాన్ లోపల పెట్టుకోవాలి. కదిలే పసిపిల్లల్ని టెక్నీషియనే పట్టుకోవడం మరో తప్పు. ఆప్రాన్ వేసి, గర్భంతో లేని తల్లి చేతనో తండ్రి చేతనో పట్టించాలి. లెడ్ ఆప్రాన్ మడతపెడితే లోపల పగుళ్లిస్తుంది, హ్యాంగరుకు వేలాడదీయాలి. వార్డులో మొబైల్ ఎక్స్‌రే తీసేటప్పుడు వైరు సాగినంత దూరం వెళ్లాలి. దూరం రెట్టింపైతే సోకేది నాలుగో వంతుకు తగ్గుతుంది.

గర్భం వచ్చిందని తెలియగానే యాజమాన్యానికి రాసివ్వాలి. అప్పటి నుంచి కాన్పు దాకా కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకూడదన్నది నియమం. బాధ్యత గల ఆసుపత్రి ఆ నెలల్లో రిపోర్టింగ్, రిజిస్ట్రేషన్ లాంటి పనులకు మారుస్తుంది. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలే ఉండవు. సంబంధం కుదరని ఇంటికి ఇంతకన్నా ఏం చెప్పగలం!

ఒక హెచ్చరిక కూడా. 'అల్ట్రాసౌండ్ స్కానింగ్ టెక్నీషియన్ కోర్సు, సొంతంగా సెంటర్ పెట్టుకోవచ్చు' అనే ప్రకటనలు నమ్మకండి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం, 1994 కింద గర్భిణులకు స్కాన్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టరే. ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి. అర్హత లేనివాళ్లు ప్రోబ్ పట్టుకుంటే కేసవుతుంది.

పదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. రాత్రి డ్యూటీలు తట్టుకోలేకపోతున్నాను. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలని ఉంది. కోడింగ్ భాషలు నేర్చుకోవాలా?
— ఒక నర్సు, నెల్లూరు

జావా, పైథాన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు కొదవ లేదు. వార్డులో ఉదయం ఏడింటికి ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఆ గదిలో ఒక్కరూ ఉండరు. మీ బలం అదే.

మన దగ్గర రోజూ వచ్చే చిక్కు చూడండి. ఒకే రోగికి మూడు నంబర్లు. ఓసారి 'వెంకట రమణమ్మ', ఇంకోసారి 'వి.రమణమ్మ', మరోసారి 'రవణమ్మ'. ఇంటిపేరు ఒకసారి పుట్టింటిది, ఒకసారి అత్తింటిది. ఫోన్ నంబరు ఇంటిల్లిపాదికీ అబ్బాయిదే. వయసు అడిగితే 'అరవై ఉంటాయి' అంటారు. ఫలితంగా పాత రిపోర్టు ఒక నంబరులో, పెన్సిలిన్ పడదన్న హెచ్చరిక ఇంకో నంబరులో ఉండిపోతుంది. కొత్త నంబరు ఇచ్చే ముందు ఫోన్, పేరులో ఒక ముక్క, పుట్టిన సంవత్సరం మూడింటితో వెతికేలా తెర ఉండాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే పని సులువు. అది లేదని రోగిని వెనక్కి పంపేలా మాత్రం తెర కట్టకూడదు.

కాన్పు వార్డు ఇంకా గమ్మత్తు. పుట్టిన బిడ్డకు పేరుండదు కాబట్టి 'బేబీ ఆఫ్' అని తల్లి పేరే పెడతారు. కవలలైతే ఒకటి, రెండు అని వేరు చేయకపోతే బ్లడ్ గ్రూపు రిపోర్టులు తారుమారవుతాయి. తల్లిని డిశ్చార్జి చేస్తే ఇంక్యుబేటర్‌లోని బిడ్డ బిల్లు కూడా మూసేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఇలాంటి సందర్భాలు ముందే ఊహించి, 'ఇది నొక్కితే ఇది రావాలి' అని ఒక్కో పరీక్షగా రాయడాన్నే టెస్ట్ కేసులు రాయడం అంటారు. మీరు వారంలో వంద రాయగలరు.

ల్యాబు వైపు కొలమానాలు కాపు కాయాలి. గ్లూకోజు 100 మిల్లీగ్రాములు డెసిలీటరుకు అంటే 5.55 మిల్లీమోల్స్ లీటరుకు. క్రియాటినిన్ 1 మిల్లీగ్రాము డెసిలీటరుకు అంటే 88.4 మైక్రోమోల్స్ లీటరుకు. యూనిట్ లేకుండా అంకె ఒక్కటే ఒక మిషన్ నుంచి ఇంకో తెరకు పోతే ప్రమాదం. మందుల తెరలో '.5' కాకుండా '0.5' అనీ, '1.0' కాకుండా '1' అనీ రావాలి. చుక్క కనబడకపోతే మోతాదు పదింతలవుతుంది.

నేర్చుకునే వరుస చెబుతాం. మొదట ఎక్సెల్, పైవట్ టేబుల్ దాకా. తర్వాత ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేసు నుంచి సమాచారం అడిగే భాష, అందులో రెండు టేబుళ్లు కలిపి ప్రశ్న అడగగలిగితే చాలు. ఆపైన ల్యాబు పరీక్షల పేర్లకు లాయింక్, జబ్బుల పదజాలానికి స్నోమెడ్ సీటీ. రెండోది మన దేశంలో ఉచితంగా వాడుకోవచ్చు. ఆసుపత్రుల మధ్య రికార్డులు పంపుకునే ఫైర్ (FHIR) ప్రమాణం ఆఖరున. ఇవి చదువుతూనే మీ ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు మీ వార్డు తరఫున 'సూపర్ యూజర్'గా, అంటే ముందు నేర్చుకుని మిగతావాళ్లకు చూపించే మనిషిగా, పేరివ్వండి. జీతం పెరగదు, కానీ బయోడేటాలో 'అమలు అనుభవం' అని రాసుకునే హక్కు వస్తుంది. సాఫ్ట్‌వేర్ మొదలైన రోజు మాత్రం సెలవు పెట్టకండి, ఆ ఒక్క రోజు గందరగోళంలో తెలిసేది ఏ కోర్సులోనూ ఉండదు. నంబరు వేసిన కాగితం ఫారాలు ఒక కట్ట దగ్గర పెట్టుకోండి, సర్వర్ ఆగితే వార్డు నడిచేది వాటితోనే.

హెల్త్‌కేర్ కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ 60 వేల డిపాజిట్, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతోంది. ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, సింగరాయకొండ

రెండూ ఇవ్వొద్దు. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోవాలి, వాళ్ల బీరువాలో ఉంచకూడదు. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత ఈమెయిలు నుంచి వచ్చిందా చూసి, కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. లెటర్లో ఉన్న నంబరుకు చేస్తే కన్సల్టెన్సీవాళ్లే ఎత్తుతారు! లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు సృష్టిస్తామంటే అసలే వద్దు, పీఎఫ్ ఖాతా చూడగానే బయటపడుతుంది, చేరిన ఉద్యోగం కూడా పోతుంది. ఆన్‌లైన్లో డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మెడికల్ కోడింగ్ కంపెనీలో చేరి ఐదు నెలలైంది. ఇప్పుడు గర్భవతిని. సెలవు ఇస్తారా, మానేయాలా? ఇంటి నుంచి చేయొచ్చా?
— ఒక పాఠకురాలు, టంగుటూరు

మానేయకండి. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు హక్కు. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించకుండా వాడుకోవచ్చు. ఐదు నెలలు చేశారు కాబట్టి 80 రోజులు దాటే ఉంటాయి. పే స్లిప్పులు, హాజరు వివరాలు ఇప్పుడే దించి పెట్టుకోండి. ప్రొబేషన్‌లో ఉన్నారు కాబట్టి రాదని హెచ్ఆర్ అంటే ఆ మాట ఈమెయిల్లో రాయమనండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది కూడా ఉండాలి.

ఇంటి నుంచి పని కంపెనీ ఒప్పుకుంటేనే. రోగుల వివరాలు కాబట్టి తలుపు వేసుకునే గది, తెర ఎవరికీ కనబడని బల్ల, ఫోన్ బయట పెట్టే నియమం ఉంటాయి. నట్టింట్లో, చుట్టాల మధ్య కుదరదు. కరెంటు పోతే మోడెం, కంప్యూటర్ రెండూ నడిచేలా యూపీఎస్ ఉండాలి. చాలామంది కంప్యూటర్‌కు పెట్టుకుని మోడెం మరిచిపోతారు, చార్టు మధ్యలో లాగౌట్ అయిపోయి ఆ రోజు లెక్క తగ్గుతుంది. కాన్పు తర్వాత తిరిగి చేరే తేదీ అక్టోబరు దాటితే ఐసీడీ కోడ్లు మారి ఉంటాయి, కొత్త కోడ్ల జాబితా చదివి పెట్టుకుని వెళ్లండి, మొదటి వారం ఆడిట్‌లో పడే తప్పులు ఎక్కువగా అక్కడే.